కుట్టని తేనెటీగల వంశరహస్యము

మన కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతముల రైతులలో ఈ చిన్న తేనెటీగను చూడనివా రుండరు. (ఈ రెండు జిల్లాలును 2016లో పలు జిల్లాలుగ విభజింపబడినను, అందఱకు తెలిసిన పాతపేర్లనే వాడుచున్నాము.) పాత మట్టిగోడ పగులునుండియో, చింతమ్రాను తొఱ్ఱనుండియో మైనపుగొట్ట మొకటి వెలుపలికి వచ్చియుండును. దాని నోటియొద్ద బియ్యపుగింజలో సగమైన నల్లని ఈగలు కావలి కాయుచుండును. వీనికి కొండి మిక్కిలి క్షీణించినందున కుట్టలేవు. జుట్టులో దూఱి కఱచును, జిగురు పూయును. 1854లో స్మిత్తను ఆంగ్లేయుడు వర్ణించిన ఈ జాతికి శాస్త్రజ్ఞు లిడిన పేరు టెట్రాగోనులా ఇరిడిపెన్నిస్.

ఇవి మామిడి, నువ్వు, పొద్దుతిరుగుడు, పందిరిపాదుల పూవులపై వ్రాలి పుప్పొడిని చేరవేయుచు, కూలి యడుగని పనివారివలె మనకు తోడ్పడుచున్నవి. కాని మనము కొలది తేనెకై మ్రానును నఱికి గూటిని పగులగొట్టుచున్నాము. లభించునది కొన్ని వందల గ్రాములు మాత్రమే. ఆ గూడు మాత్రము తిరిగి లేవదు. ఎందువలన లేవదో తెలిసినచో మనము చేయవలసిన పనియు తెలియును.

ముందుగా వీని పెంపకమును చూతము. మామూలు తేనెటీగ తన పిల్లపురుగునకు పూటపూటకు ఆహారము పెట్టి పెంచును. ఈ చిన్న ఈగ యట్లు గాక, ఒక్కసారియే సద్ది కట్టిపెట్టును. పనికత్తె ఈగలు మైనమును, చెట్లజిగురును కలిపి కందిగింజకంటె చిన్నదగు గది నిర్మించి, పుప్పొడి, తేనె, తమ గ్రంథులరసము కలిసిన పలుచని ఆహారముతో నింపును. రాణి వచ్చి దానిపై నొక గ్రుడ్డు పెట్టును. వెంటనే గది మూయబడును. పురుగు లోపలనున్న సద్దినే తిని, పట్టుగూడు అల్లుకొని, సుమారు ఆఱేడు వారములకు ఈగయై వెలువడును. మామూలు తేనెటీగ పనికత్తెకు మూడు వారములే చాలును. అనగా బలగము చెదరిన గూటికి మరల బలము వచ్చుటకు రెట్టింపుకంటె హెచ్చు కాలము పట్టును.

పనికత్తెకును రాణికిని గ్రుడ్డులో భేదము లేదు, సద్దిలోనే భేదము. గదులగుంపు అంచున పెద్దగది కట్టి, హెచ్చు ఆహారము పోసినచో అందుండి రాణి పుట్టును. బ్రెజిలు దేశమందలి మెలిపోనా అను జాతిలో మాత్రము గదులన్నియు సమానములే. అచట రాణి యగుటలో వంశబీజమునకును పాలు కలదని వార్విక్ కెర్ అను శాస్త్రజ్ఞుడు 1950లో ప్రకటించెను.

ఇక ఆడమగల విషయము. మగనితో కలియని గ్రుడ్డునుండి మగఈగ పుట్టునని 1845లో జీర్జోన్ అను మతాచార్యుడు మామూలు తేనెటీగల విషయమున చెప్పెను. చిన్న ఈగలకును ఇదియే ధర్మము. మగఈగకు తండ్రి లేడు, తాత మాత్రము కలడు! కాని ఫలించిన గ్రుడ్డు లన్నియు ఆడవి యగునని చెప్పరాదు. లింగమును నిర్ణయించు జన్యు వొకటి కలదు. మామూలు తేనెటీగలో దానిని 2003లో కనుగొనిరి. ఈ జన్యువునకు పలు రూపము లుండును. వానిని ఇంటిపేర్లవలె భావింపుడు. తల్లినుండి యొకటి, తండ్రినుండి యొకటి వచ్చి, ఆ రెండును వేఱైనచో ఆడపిల్ల. రెండును ఒక్కటే యైనచో, ఫలించిన గ్రుడ్డైనను మగదే యగును. అట్టి మగఈగ సాధారణముగ సంతానమునకు పనికిరాదు.

రాణి వద్ద రెండు పేర్లుండును. అది సాధారణముగ జీవితమున ఒక్క మగనితోనే కలియును. ఆ మగని పేరు రాణిపేర్లలో ఒకదానితో కలిసెనా, పనికత్తెలు కావలసిన గ్రుడ్లలో సగము పనికిరాని మగవి యగును. ఒక ప్రాంతమున పది పేర్లు సమముగ నున్నచో ఐదు రాణులలో ఒకదానికి ఈ యాపద తటస్థించును. నాలుగే యున్నచో ఇద్దఱిలో ఒకరికి. మామూలు తేనెటీగలు ఇట్టి పురుగులను పసితనమందే తినివేయునని 1963లో పోలండు శాస్త్రజ్ఞుడు వోయికె చూపెను. చిన్న ఈగల గది మూయబడియుండుటచే అట్లు జరుగదు. ఆ మగఈగ పూర్తి సద్ది తిని పెరిగి, ఏ పనియు చేయక కూర్చుండును. బ్రెజిలు జాతులు కొన్నిటిలో పనికత్తెలు అట్టి రాణినే చంపుట చూడబడినది.

ఇట్టి సంబంధములు హెచ్చుటకు వీని కాపురపు తీరును కారణమే. మామూలు తేనెటీగలలో ముసలిరాణియే గుంపుతో లేచిపోవును. ఇచట గ్రుడ్లు పెట్టు రాణి పొట్ట ఉబ్బి ఎగురలేదు. కూతురురాణియే క్రొత్తయింటికి పోవును. పనికత్తెలు ముందుగనే ఆ యింటికి తల్లిగూటినుండి మైనమును, తేనెను మోసికొనిపోవుచుండును. కావున క్రొత్తగూడు తల్లిగూటికి సమీపముననే వెలయును. మ్రాను నఱికినపుడు ముసలిరాణి పాఱిపోజాలక నశించును. చుట్టుపట్ల గూళ్లు తగ్గినకొలది మిగిలిన రాణులకు దొరకు మగలు దగ్గఱి చుట్టములే యగుదురు.

ఎన్ని పట్టులుండవలెను? కెర్, వెన్కోవ్‌స్కీ యనువారు 1982లో 44 పట్టులు కావలెనని లెక్క కట్టిరి. కాని రెండే పట్టులనుండి వచ్చిన ఒక మెలిపోనా సంతతి పది సంవత్సరములకు మించి నిలిచినదని 2011లో బ్రెజిలునుండి తెలియవచ్చెను. కావున ఆ సంఖ్యను శిలాక్షరముగ భావింప నక్కఱలేదు. అయినను ఒంటరిగూటికంటె పలు గూళ్లు సమీపమున నుండుటయే క్షేమమనుటలో సందేహము లేదు.

ఇచటనే సహకారము పనికివచ్చును. ఒక్క రైతు ఒక్క పట్టును ఇంట పెట్టుకొని దాని వంశమును కాపాడజాలడు. ఊరంతయు కలిసినచో కాపాడగలదు. అందులకు మేము చేయు సూచన లివి.

మొదటిది: గూడున్న మ్రానును నఱకకుడు. కూల్చవలసిన పాతగోడలో గూడున్నచో, ముందు దానిని మెల్లగా తెఱచి, రాణితో గూడ మట్టికుండకో, వెదురుబొంగునకో, చిన్న చెక్కపెట్టెకో మార్చుడు. కేరళ రైతు లీ పద్ధతులనే వాడుచున్నారు.

రెండవది: బలమైన పట్టును విభజించునపుడు, రాణిలేని భాగమున రాణిగది యొకటియు, పాలిపోయిన రంగుగల గదులు కొన్నియు ఉండునట్లు చూడుడు. పురుగు పట్టుగూడు అల్లుకొనినపిమ్మట పనికత్తెలు పైమైనమును తొలగించును. కావున పాలిపోయినవియే ముదిరిన గదులు.

మూడవది: విభజించిన పట్టులను ఇరుగుపొరుగు గ్రామములవారు మార్చుకొనుడు. వాగు కావలియూరి పట్టు మన యూరికి క్రొత్త ఇంటిపేరు తెచ్చును. దూరరాష్ట్రముల పట్టులు వేఱుజాతివి కావచ్చును గాన వానిని తేవలదు.

నాలుగవది: పత్తికి, కూరగాయలకు మందు కొట్టక తప్పనిచో, ఈగలు గూడు చేరిన సాయంకాలమున కొట్టుడు.

ఒక్కొక్క సంఘము తన గ్రామమునందలి గూళ్లకు పుస్తకమున లెక్క వ్రాసికొనుట మంచిది. నాటి కరీంనగరు జిల్లాలోని ముల్కనూరులో రైతులు 1956లో సంఘముగ కూడి, ఒంటరిగ చేయలేని పనులను కలిసి చేయగలమని చూపిరి. గోడపగులులోని ఈ చిన్న ఈగయు ఆ పాఠమునే చెప్పుచున్నది. వచ్చు మాఘమున మామిడి పూయునాటికి మన ఊరిలో నెన్ని గొట్టములున్నవో సభ్యులు లెక్కించి మాకు తెలుపగోరుచున్నాము.