బాలవీరుఁడను పదము: మన కావ్యములును జర్మనుల యనుభవమును

హైదరాబాదు నగరమునకు ఈశాన్యమున, సికింద్రాబాదు దండు చేరువను, సైనిక్‌పురి యను నివాసస్థలము గలదు. సైన్యమున కొలువు ముగించినవారు గృహములు కట్టుకొని స్థిరపడుటచే దానికా పేరు వచ్చినది. ఈ పురమునకుఁ బేరిచ్చిన సైనికుఁడు వయసు వచ్చిన పిదప ఆయుధము పట్టి, కొలువు తీఱినంతనే యింటికి మరలి వచ్చినవాఁడు. వయసు రాకయే ఆయుధము పట్టి, యింటికి మరలిరాని సైనికుఁడు మఱియొకఁడు గలఁడు. వానిని మనము బాలవీరుఁడందుము. ఈ పదము మన పాఠశాలలలో మిక్కిలి గౌరవముతో నుచ్చరింపఁబడుచున్నది. మన కవులు దాని వెనుక నేమి నిలిపిరో, 20వ శతాబ్దమున జర్మను దేశమున అట్టి పదమే బాలుర నెచ్చటికిఁ గొనిపోయెనో చూచి, ఈ ఘట్టములను బోధించు తీరును గూర్చి విచారించుట యీ వ్యాసమున కుద్దేశము.

ముందుగాఁ బల్నాటి బాలచంద్రుఁడు. శ్రీనాథకృతమని ప్రసిద్ధిగాంచిన పల్నాటి వీరచరిత్రను అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లోఁ బ్రకటించినది మొదలు ఈ కథ పండితులకు సుపరిచితము. 12వ శతాబ్దమునఁ గార్యమపూడి రణభూమికిఁ బెద్దలెల్లరు తరలిపోయిరి. కుమారుఁడు మాత్రము తల్లి ఐతాంబకడ నిలిచెను. కవి యతనిని మనకుఁ జూపునది ఖడ్గముతోఁ గాదు, బొంగరముతో. ఆ బొంగరము తగిలి గాయపడిన యొక స్త్రీ, నీవారందఱు రణమునకుఁ బోయియుండఁగా నీకీ యాట యేల యని నిందించెను. అంతవఱకుఁ దన కేమియుఁ దెలియనీయలేదని బాలుఁడు తల్లి నడిగెను. ఆమె శత్రువుల బలమును వివరించి, వలదని వారించి, తుదకు విధిలేక దీవించి పంపెను. మార్గమధ్యమునఁ దన బ్రాహ్మణమిత్రుఁడు అనపోతరాజును బ్రదికించు తలంపుతో నతనిని నెపమున వెనుకకుఁ బంపఁగా, నా మిత్రుఁడు వంచన నెఱింగి ప్రాణములు విడిచెను. బాలచంద్రుఁడు యుద్ధమునఁ గూలెను. బ్రహ్మనాయఁడు జయ మనుభవింపలేదు. గుత్తికొండ బిలమున కేగెనని జనులు చెప్పుదురు.

ఇందు గమనింపవలసినది యేమన, శౌర్యవర్ణనమునకు ముందు కవి యొక తల్లిని నిలిపెను. ఆ బాలుఁడు ప్రశ్నించెను. ఆమె సత్యము చెప్పెను. వీరుని కీర్తించు గాథయే యైనను, వాని వెంట వచ్చు నష్టమును గవి మఱుఁగుపఱుపలేదు.

ఇఁక అభిమన్యుఁడు. భారతయుద్ధమునఁ బదుమూఁడవనాఁడు అర్జునుఁడు సంశప్తకులతోఁ బోరుచు దూరమున నుండెను. ద్రోణుఁడు పన్నిన వ్యూహమును భేదింపుమని ధర్మరాజు అభిమన్యుని గోరెను. లోనికిఁ జొచ్చుట యెఱుఁగుదును గాని వెలువడుట యెఱుఁగనని బాలుఁడు స్పష్టముగాఁ జెప్పెను. మేము నీ వెంటనే వత్తుమని పెద్దలు మాటయిచ్చిరి. సైంధవుఁడు అడ్డగింపఁగా రాలేకపోయిరి. పిమ్మట ధర్మరాజు విలపించిన విలాపము వ్యాసభారతమున నున్నది. దాని సారాంశ మిది: భోజనమునందు, శయ్యయందు, వాహనమునందు, భూషణములయందు ఎవనిని ముందు నిలుపవలయునో, యా బాలుని మేము యుద్ధమున ముందు నిలిపితిమి. బాలయోధుని గూర్చి యింతకన్న సూక్ష్మమైన తీర్పు మఱియొకటి లేదని మా యభిప్రాయము. నేరము శత్రువుపై మాత్రమే మోపఁబడలేదు. పంపిన పెద్ద తనపై వేసికొనెను.

ఈ విలాపమును తొలఁగించి శౌర్యమును మాత్రము మిగిల్చినచో నేమగునో జర్మను దేశచరిత్ర చూపుచున్నది. 1914 నవంబరులో బెల్జియమునందు లాంగెమార్కు కడఁ గ్రొత్తగాఁ జేరిన యువసేనలు పాట పాడుచు శత్రువులపై నుఱికినవని సైన్యము ప్రకటించెను. శిక్షణము చాలని యా సేనలు విశేషముగా నశించిన సంగతి వెనుకఁబడి, పాట మాత్రము ముందుకు వచ్చెను. తరువాతి యేండ్లలో నది విద్యార్థులకు ఆదర్శగాథ యయ్యెను. 1929లో వెలువడిన రెమార్కు నవలలో ఉపాధ్యాయుఁడే తరగతినంతను సైన్యమునకుఁ బురికొల్పును. ఆ గ్రంథమును 1933లో నాజీలు బహిరంగముగాఁ దగులఁబెట్టిరి.

1939 నాఁటికిఁ బదియేండ్లు నిండిన ప్రతి జర్మను బాలుఁడును హిట్లరు యువజనసంఘమునఁ జేరుట విధియయ్యెను. 1943 ఫిబ్రవరి మొదలుకొని 1926, 1927 సంవత్సరములఁ బుట్టిన విద్యార్థులను తరగతులకుఁ దరగతులుగా విమానవిధ్వంసక ఫిరంగుల కడకుఁ బంపిరి. మొత్తము మీఁద సుమారు 2 లక్షలమంది యిట్లు పనిచేసిరి. రాత్రి విమానములు వచ్చినపుడు ఫిరంగులు నడపుట, శోధనదీపములు త్రిప్పుట వారి పని. పగలు ఉపాధ్యాయులు ఫిరంగులయొద్దకే వచ్చి పాఠములు చెప్పిరి. నిదురలేని కన్నులతో లాటిను వ్యాకరణము! శబ్దార్థవిచారము చేయువారు గమనింపఁదగిన దొకటి గలదు: ఈ బాలురను సైనికులని పిలువక, 'వైమానికదళ సహాయకులు' అని పిలిచిరి. మృత్యువు మాత్రము ఆ భేదమును బాటింపలేదు.

అదే సంవత్సరమున ముఖ్యముగా 1926లోఁ బుట్టినవారితో ఎస్.ఎస్. సైన్యమున 12వ కవచదళ మేర్పడెను. పొగచుట్టలకుఁ బ్రాయము చాలని వారికి వానికి బదులు మిఠాయి లిచ్చిరఁట. 1944 జూనులో నార్మండీ తీరమున వారిలో ననేకులు మడిసిరి. ఆ దళమువారే కెనడా దేశపు యుద్ధఖైదీలను జంపిరి. బాలుఁడు బాధితుఁడు మాత్రమే కాఁడు. వానిచేతఁ బాపమును జేయింతురు. ఈ హత్యల విషయమై సేనానాయకుఁడు కుర్ట్ మేయరు 1945లో విచారింపఁబడి శిక్షితుఁడయ్యెను. 1944 శరత్తున 'జనప్రభంజనము' అను నర్థముగల పేరిట 16 మొదలు 60 ఏండ్లవఱకుఁ గల పురుషులను బిలిచిరి. తుదిదినములలో నా హద్దును దాఁటి యింకను జిన్నవారు, ఒక్కసారి మాత్రమే పేలు గొట్టము భుజమున మోసి, శత్రుశకటముల సమీపమునకుఁ బోయిరి. 1945 మార్చిలో హిట్లరు పతకమిచ్చిన బాలురలో నొకఁడు పండ్రెండేండ్లవాఁడు.

బ్రదికినవారు వ్రాసిన గ్రంథములు మన విచారమున కత్యంతోపయుక్తములు. మాన్‌ఫ్రెడ్ గ్రెగోరను కలముపేరుగల రచయిత తన బాల్యానుభవము నాధారముగాఁ గొని 1958లో 'వంతెన' యను నవల వ్రాసెను. ఏ ప్రయోజనమును లేని యొక వంతెనను రక్షింపఁబూనిన యేడుగురు బాలుర కథ యది. 1927లోఁ బుట్టి, 1999లో నోబెలు బహుమాన మందిన గ్యుంటర్ గ్రాస్, పదునేడేండ్లకే ఎస్.ఎస్. సైన్యమునఁ జేరినట్లు 2006లో, అనఁగా డెబ్బదియెనిమిదేండ్ల ప్రాయమున, తన స్మృతిగ్రంథమున నొప్పుకొనెను. ఉల్లిపొరల నొలుచుటతో జ్ఞాపకమును బోల్చిన యా గ్రంథమున నతని ముఖ్యవిచారము తాను చేసినదాని కన్న, తా నడుగనిదానిని గూర్చియే. బంధువు కాల్చివేయఁబడినను, లాటిను గురువు హఠాత్తుగాఁ గనఁబడకపోయినను 'ఏల?' యని తా నడుగలేదని యతఁడు పదేపదే తలఁచుకొనును. బాలచంద్రుఁడు అడిగెను, అభిమన్యుఁడు తన కొఱఁతను నోరు విప్పి చెప్పెను. జర్మను బాలుని కా యవకాశమును బెంపకమే హరించెను.

ఇచ్చట నొక పూర్వపక్షము గలదు. బాలచంద్రుఁడును, అభిమన్యుఁడును వివాహితులు, క్షత్రధర్మ మెఱిఁగినవారు. వారిని జర్మను విద్యార్థులతోఁ బోల్చుట తగునా యని కొంద ఱనవచ్చును. కాలధర్మము వేఱన్నది నిజమే. మంచాల తానే భర్తను రణమునకుఁ బురికొల్పుటయు నిజమే. కాని బాలశబ్దమును వారిపట్లఁ బ్రయోగించినది మనము గాము, ఆ గ్రంథములే. ఆ శబ్దములోనే ఎలుఁగెత్తని యాక్షేపమున్నది. బొంగరమును, ధర్మరాజు విలాపమును దానికి సాక్ష్యములు. 2000 సంవత్సరపు ఐక్యరాజ్యసమితి యొడంబడిక 18 ఏండ్లలోపువారిని ప్రత్యక్షయుద్ధమునకుఁ బంపరాదనుచున్నది. భారతదేశము 2005లో దాని నామోదించెను. ధర్మరాజు వగచి పలికినదే నేఁడు శాసనరూపము దాల్చినదనవచ్చును.

కాఁబట్టి పాఠశాలాపండితులకు మా మనవి యిది. పద్మవ్యూహఘట్టమును బాఠముగా నిచ్చునపుడు అభిమన్యుని మరణముతో నాపివేయక, ధర్మరాజు విలాపమును గూడఁ జదివింపవలయును. బాలచంద్రుని యుద్ధమునకు ముందు ఐతాంబ మాటలను వదలరాదు. ఈ బాలునిఁ బంపిన దెవరు, వారు మాట నిలుపుకొనిరా యని విద్యార్థులచే నడిగింపవలయును. కార్తికమాసమునఁ గారెంపూడిలో నేఁటికిని వీరుల నారాధించుచున్నారు. ఆ యారాధనమునకు మే మడ్డుచెప్పువారము గాము. కవి చెప్పిన కథను సగము గాక సంపూర్ణముగాఁ జెప్పుఁడని మాత్రమే కోరుచున్నాము. బొంగరము విడిచి కత్తి పట్టిన బాలునకు మ్రొక్కునపుడు, ఆ బొంగర మెవరివలన విడువవలసివచ్చెనో యడుగుటయు నా మ్రొక్కులో భాగమే.