ఠాణా నుంచి కబురొస్తే కాగితం అడగండి

మేక పక్కచేలో పడిందనో, బోదె నీళ్లు మళ్లించారనో గట్టు మీద నాలుగు మాటలు దొర్లుతాయి. మర్నాడు పక్క చేనాయన స్టేషనులో అర్జీ ఇస్తాడు. చాలాసార్లు ఆయన వెనక ఊరి పెత్తందారు ఉంటాడు. కూలిరేటు అడిగినవాణ్ణి లొంగదీయడానికి ఆయనకు ఇంతకన్నా చవకైన సాధనం దొరకదు మరి. సాయంత్రానికి హోంగార్డు వచ్చి "ఎస్సైగారు రమ్మంటున్నారు" అంటాడు. ఇంటిల్లిపాదికీ కాళ్లూ చేతులూ ఆడవు.

అర్జీ పడినంత మాత్రాన నేరం రుజువైనట్టు కాదు, కేసు కట్టినట్టూ కాదు. ఉత్త తిట్లు, చిన్నపాటి దెబ్బ వంటివాటిని చట్టం నాన్ కాగ్నిజబుల్ అంటుంది. వాటిలో పోలీసులు ఫిర్యాదు రాసుకొని, ఇచ్చినవాణ్ణి మేజిస్ట్రేటు దగ్గరకు పంపాలి. మేజిస్ట్రేటు ఉత్తర్వు లేనిదే దర్యాప్తు లేదు, వారంటు లేనిదే అరెస్టు లేదు. ఇక గట్టు ఎవరిదన్నది సర్వేయరు కొలిచి, సివిలు కోర్టు తేల్చవలసిన సంగతి. ఎస్సై బల్ల ముందు తేలేది కాదు.

2024 జూలై 1న పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. సెక్షన్ల నంబర్లు మారాయి గాని ఈ హక్కులు పోలేదు. అరెస్టు అక్కర్లేని కేసులో నిందితుణ్ణి పిలవాలంటే 35వ సెక్షను కింద రాతపూర్వకంగా నోటీసివ్వాలి. నోటీసు వస్తే మాత్రం పోవలసిందే. మనవాళ్లు కొందరు అది చూసి ఊరొదిలిపోతారు. అదే సాకుతో అరెస్టు చేయవచ్చు, పెత్తందారుకు కావలసిందీ అదే. సాక్షిగా పిలిచినా 179వ సెక్షను కింద రాత ఉండాలి. ఆడవాళ్లను, 15 ఏళ్ల లోపు పిల్లలను, 60 దాటిన ముసలివాళ్లను ఇంటిదగ్గరే అడగాలి, స్టేషనుకు రమ్మనరాదు.

పోయేటప్పుడు సంఘం మనిషిని వెంటబెట్టుకుని పోండి. పోలీసులు రాసుకున్న వాంగ్మూలం మీద మీరు సంతకం చేయనక్కర్లేదు, 181వ సెక్షను ఆ మాటే చెబుతుంది. "రాజీ అయిపోయింది, వేలిముద్ర వెయ్యి" అంటే చదివించుకోకుండా వేయొద్దు. తెల్లకాగితం మీదైతే అసలే వద్దు.

అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, ఇంటివాళ్లకు తెలపాలి, వకీలును కలవనివ్వాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. వకీలుకు డబ్బు లేదని దిగులొద్దు. 1987 చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు, నిర్బంధంలో ఉన్నవారికి ఉచితంగా ఇస్తారు. ఫోను 15100.

కేసు నిలవదనుకున్నప్పుడు బైండోవరు అంటారు. 126వ సెక్షను కింద శాంతిభద్రతల పేరిట పూచీకత్తు రాయించుకోవడమిది. దీనికీ రాతపూర్వక ఉత్తర్వు కావాలి, విచారణ జరగాలి, గడువు ఏడాదికి మించరాదు. మీ సాక్షులను మీరూ తేవచ్చు.

దళితుణ్ణి పదిమందిలో కులం పేరుతో తిట్టినవాడే ముందు పోయి అర్జీ ఇవ్వడం మామూలే. 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద మీరూ ఫిర్యాదు రాసివ్వండి. ఎఫ్ఐఆర్ నకలు ఉచితం, అడిగి తీసుకోండి. తీసుకోమని గెంటేస్తే అదే ఫిర్యాదు ఎస్పీకి పోస్టులో పంపి, రసీదు దాచండి.