ధర్మకర్త, ముతవల్లీ, అర్చకుడు : దేవాలయ నిర్వహణ వివాదములు

దేవాలయ నిర్వహణమునకు సంబంధించిన వ్యాజ్యములను పరిశీలించువారికి మొదటి చిక్కు పదములయందే ఎదురగును. ఆంధ్ర ప్రాంతమున ‘ధర్మకర్త’ యని వ్యవహరింపబడు పదవికి నిజాము రాష్ట్రపు దస్త్రములలో ‘ముతవల్లీ’ యని పేరు. మొదటిది సంస్కృత సమాసము. రెండవది వక్ఫు వ్యవహారమున ప్రసిద్ధమైన అరబ్బీ పదము. రెండును యజమానిని చెప్పవు. పరుల సొత్తును కాపాడువానినే చెప్పును. కాని ‘మిరాశీ’ యను మూడవ మాట అరబ్బీలో వారసత్వమును తెలుపు పదమునుండి వచ్చినది. కాపాడు బాధ్యత తరతరములు సాగి మిరాశీగా భావింపబడినప్పుడు వివాదము పుట్టును.

హైదరాబాదునకు దక్షిణమున నున్న శంషాబాదు ప్రాంతము ఇందుకు మంచి నిదర్శనము. నిజాము పాలనలో నిచటి దేవాలయములు ‘ఉమూరె మజహబీ’ యను మతవ్యవహారముల శాఖ అజమాయిషీలో నుండెడివి. ఫసలీ 1349 నాటి ధర్మాదాయ నిబంధనలు సంస్థల నమోదును విధించినవి. ముతవల్లీగా గుర్తింపబడినవానికి లభించు పత్రము ‘ముంతఖబు’. తాతకు వచ్చిన ముంతఖబును మనుమడు న్యాయస్థానమున ఆధారముగా చూపుట తెలంగాణ వ్యాజ్యములలో తరచుగా కనిపించును.

1966 నాటి 17వ చట్టము ఉభయ ప్రాంతముల ధర్మాదాయ న్యాయమును ఏకము చేసినది. జస్టిస్ చల్లా కొండయ్య సంఘము పరిశీలన తరువాత వచ్చిన 1987 నాటి 30వ చట్టము వంశపారంపర్యమును రెండు తావుల తెంచినది. 16వ సెక్షను ధర్మకర్తృత్వమునందును, 34వ సెక్షను అర్చకత్వమునందును వారసత్వపు హక్కును రద్దు చేసినవి.

ఈ చట్టముపై సుప్రీంకోర్టు 1996లో రెండు తీర్పులిచ్చినది. జనవరి 17న పన్నాలాల్ బన్సీలాల్ పిత్తి వ్యాజ్యమున, దేవాలయ పరిపాలనము లౌకిక కార్యమనియు, వంశపారంపర్య ధర్మకర్తృత్వపు రద్దు చెల్లుననియు నిర్ణయించినది. అయినను సంస్థాపకుని సంకల్పమును పూర్తిగా త్రోసివేయలేదు. అర్హుడైన సంస్థాపకుడు గాని, ఆ కుటుంబీకుడు గాని ధర్మకర్తల మండలికి అధ్యక్షుడు కావలెనని 17వ సెక్షనునకు అర్థము చెప్పినది. మార్చి 19న నారాయణ దీక్షితులు వ్యాజ్యమున, అర్చకుని నియామకము లౌకికమనియు, అతడు చేయు అర్చనము మతకార్యమనియు విడదీసినది. ఈ విభజనకు మూలము 1954 నాటి శిరూరు మఠము తీర్పు.

న్యాయశాస్త్రమున స్పష్టమైన ఈ రేఖ గ్రామములలో అంత స్పష్టము కాదు. ఆదాయము లేని గుడిలో దీపము పెట్టువాడు, నైవేద్యము వండువాడు, తాళము వేయువాడు ఒక్కడే. అతనిలోని అర్చకుని నిలిపి నిర్వాహకుని తొలగించుట ఎట్లు? 2007 నాటి సవరణ చట్టము అర్హతగల అర్చక కుటుంబములవారి కొనసాగింపునకు కొంత అవకాశము కల్పించుటకు ఈ వాస్తవమే కారణమని చెప్పవచ్చును. శంషాబాదునకు వాయవ్యమున నున్న, హుండీ లేని ఆలయముగా ప్రసిద్ధమైన చిలుకూరు బాలాజీ ఆలయపు అర్చకులు ఆ సవరణకై పాటుపడినవారిలో ముఖ్యులు.

భూమి విషయము వేరు. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము ప్రారంభమైన పిదప ఈ ప్రాంతపు భూముల విలువ మిక్కిలి పెరిగినది. ఒకప్పుడు నిత్యధూపదీపములకు చాలీచాలని పంటనిచ్చిన మాన్యమునకు నేడు ఇండ్లస్థలముల ధర కలదు. కావున నిర్వాహకుడెవడను ప్రశ్న, ఆ భూమి దేవునికి మిగులునా యను ప్రశ్నగా మారినది. 2021 సెప్టెంబరు 6న మధ్యప్రదేశ్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు, దేవాలయ భూమికి స్వామి దేవుడే యనియు, పూజారి కేవలము నిర్వాహకుడనియు, భూయజమాని గడిలో దేవుని పేరే యుండవలెననియు చెప్పినది.

కావున పరిశోధకుడు ఇట్టి వివాదమును చదువునప్పుడు మూడు అంశములను వేరుచేసి చూడవలెను: ఆలయమును స్థాపించినదెవరు, పత్రములలో ఎవరి పేరు ఏ హోదాలో నున్నది, కోరబడుచున్నది సేవయా, పెత్తనమా, భూమియా? ఈ మూడింటిని కలిపివేసిన చోట దీర్ఘకాలము పూజ చేసిన కుటుంబమునకైనను, దేవుని సొత్తునకైనను అన్యాయము జరుగక తప్పదు.