టోక్యో ట్రిప్: ఫోన్ కొనే ముందు రూమ్ ఎక్కడ తీసుకోవాలో చూసుకోండి

ఫోన్ కొనేటప్పుడు మనం ఒక్క ధర చూసి కొనం. ప్రాసెసర్ ఏంటి, బ్యాటరీ ఎంత, అప్‌డేట్లు ఎన్నేళ్లు వస్తాయి, సర్వీస్ సెంటర్ మన ఊళ్లో ఉందా అని పది రకాలుగా చూస్తాం. అదే హోటల్ రూమ్ దగ్గరికి వచ్చేసరికి తక్కువ ధర నుంచి ఎక్కువ ధరకి సార్ట్ కొట్టి, పైన కనిపించింది బుక్ చేసేస్తాం. టోక్యో ట్రిప్‌కి నేను చేసింది కూడా అదే. ఆ పొరపాటు వల్ల చివరికి మా తమ్ముడి ఫోన్ విషయంలో కూడా తప్పు చేయబోయాను.

మొత్తం ఏడు రాత్రుల ట్రిప్. మూడు పనులు పెట్టుకున్నాను: ఊరు చూడటం, అకిహబారాలో గ్యాడ్జెట్ షాపులన్నీ తిరగడం, తమ్ముడికి ఒక సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనడం. వాడు ట్యూషన్లు చెప్పి ఏడాదిగా దాచుకున్న డబ్బు నా చేతిలో పెట్టాడు. నా డబ్బు పోతే తిట్టుకుని ఊరుకుంటాను, వాడి డబ్బు అలా కాదు కదా!

900 మిగిలింది అనుకున్నా

మొదటి నాలుగు రాత్రులకి ఊరికి పడమటి చివర ఒక రూమ్ తీసుకున్నాను. సిటీ మధ్యలో వాటికన్నా రాత్రికి 900 రూపాయలు తక్కువ. నాలుగు రాత్రులకి 3,600 మిగిలినట్టే అని సంబరపడ్డాను. స్టేషన్ నుంచి 15 నిమిషాల నడక, అకిహబారాకి వెళ్లాలంటే రైలు మారాలి. "టోక్యోలో రైళ్లకేం తక్కువ?" అనుకున్నాను.

రైళ్లకి తక్కువ లేదు. కానీ అవి రాత్రంతా నడవవు. ఆఖరి రైళ్లు అర్ధరాత్రి దాటిన కాసేపటికే అయిపోతాయి, మళ్లీ తెల్లవారుజామునే. మూడో రోజు రాత్రి షిబుయా క్రాసింగ్ దగ్గర నైట్ మోడ్ ఫోటోలు తీస్తూ టైమ్ చూసుకోలేదు. యమనోటె లైన్‌లో షింజుకు దాకా వచ్చాను. అక్కడ మారాల్సిన లైన్‌లో నా స్టేషన్‌కి వెళ్లే ఆఖరి రైలు వెళ్లిపోయింది. ఫోన్‌లో బ్యాటరీ 6 శాతం. హోటల్ అడ్రస్ జపనీస్‌లో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను కాబట్టి బతికిపోయాను. అది డ్రైవర్‌కి చూపించి టాక్సీ ఎక్కాను.

టోక్యో టాక్సీల్లో రాత్రి 10 నుంచి ఉదయం 5 దాకా 20 శాతం అదనపు ఛార్జీ ఉంటుంది. దిగేసరికి మీటర్ 6,800 యెన్లు చూపించింది. అప్పటి రేటులో దాదాపు 3,900 రూపాయలు. నాలుగు రాత్రుల మిగులు పోయి, పైన 300 ఎదురు కట్టాను. రోజూ రైల్లో పోయిన గంటలు దీనికి అదనం.

రూమ్‌కి స్పెక్ షీట్

అయిదో రోజు పొద్దున్నే బ్యాగు సర్దుకుని అసకుసబాషికి మారిపోయాను. ఈసారి రూమ్‌ని కూడా ఫోన్‌లాగే చూశాను. అకిహబారాకి జేఆర్ సోబు లైన్‌లో ఒకటే స్టాప్, ఓపిక ఉంటే నడిచి కూడా వెళ్లొచ్చు. అదే స్టేషన్ నుంచి తోయెయ్ అసకుస లైన్ ఉంది. ఆ లైన్‌లో నరిత, హనేద రెండు ఎయిర్‌పోర్టులకీ రైలు మారకుండా వెళ్లే సర్వీసులు ఉన్నాయి. రూమ్ మాత్రం బాగా చిన్నది, సూట్‌కేసు తెరిస్తే నడవడానికి చోటు లేదు. అయితే ఏం, నేను వెళ్లింది రూమ్‌లో కూర్చోడానికి కాదు.

కాబట్టి ప్లానింగ్ ఈ వరసలో చేయండి. ముందు మీరు ఎక్కువసార్లు వెళ్లే రెండు చోట్లు రాసుకోండి. తర్వాత ఆ రెండింటికీ, ఎయిర్‌పోర్ట్‌కీ మారకుండా వెళ్లే లైన్ ఏదో మ్యాప్‌లో చూడండి. ఆ లైన్‌లో స్టేషన్‌కి 7, 8 నిమిషాల నడకలో ఉన్న రూమ్‌లు మాత్రమే ధర ప్రకారం సార్ట్ చేయండి. ధర చివర రావాలి, మొదట కాదు.

సూయికా కార్డు, మన ఫోన్లు

టోక్యోలో రైలు, బస్సు, వెండింగ్ మెషీన్, కాయిన్ లాకర్, కన్వీనియన్స్ స్టోర్ అన్నిటికీ సూయికా లేదా పాస్మో కార్డు ఒక్కటి చాలు. టూరిస్టుల కోసం వెల్కమ్ సూయికా ఉంది. దానికి డిపాజిట్ లేదు, 28 రోజులు చెల్లుతుంది, కానీ మిగిలిన బ్యాలెన్స్ వెనక్కి ఇవ్వరు.

ఐఫోన్ 8, ఆ తర్వాత వచ్చిన ఐఫోన్లు ఏ దేశంలో కొన్నా వాలెట్‌లో సూయికా పెట్టుకోవచ్చు. మన కార్డుతో టాప్-అప్ కాకపోతే సెవెన్-ఎలెవెన్ ఏటీఎంలో నగదు వేసి చేసుకోవచ్చు. ఆండ్రాయిడ్ వాళ్లకి మాత్రం నిరాశే. మన దగ్గర అమ్మే ఆండ్రాయిడ్ ఫోన్లలో ఎన్‌ఎఫ్‌సీ ఉన్నా, సూయికాకి కావాల్సిన ఫెలికా వాలెట్ సాధారణంగా పనిచేయదు. జపాన్ మార్కెట్ మోడల్స్‌లోనే అది ఉంటుంది. నా ఫోన్ ఆండ్రాయిడే కాబట్టి ప్లాస్టిక్ కార్డు తీసుకున్నాను. ఆ రోజు 6 శాతం బ్యాటరీతో గేటు దాటించింది కూడా ఆ కార్డే.

24, 48, 72 గంటల సబ్‌వే పాస్‌లు చూసి తొందరపడకండి. అవి టోక్యో మెట్రో, తోయెయ్ సబ్‌వే లైన్లలోనే చెల్లుతాయి. యమనోటె, సోబు లాంటి జేఆర్ లైన్లలో చెల్లవు. రూమ్ ఏ లైన్ మీద ఉందో తేలాకే పాస్ సంగతి.

పవర్ బ్యాంక్ క్యాబిన్ బ్యాగులోనే పెట్టాలి, సాధారణంగా 100 వాట్-అవర్ దాటకూడదు. 20,000 ఎంఏహెచ్ ది 74 వాట్-అవర్ అవుతుంది, ఇబ్బంది లేదు. జపాన్ ప్లగ్‌కి రెండు చదునైన పిన్నులు ఉంటాయి, కరెంటు 100 వోల్టులు. మన ఛార్జర్ మీద 100-240 వోల్ట్ అని ఉంటే అడాప్టర్ ఒక్కటి చాలు. బ్యాంక్ ఓటీపీల కోసం మన సిమ్‌కి రోమింగ్ ఆన్ చేయించుకోండి, డేటాకి ఈ-సిమ్ వాడుకోండి.

అకిహబారాలో త్రిభుజం గుర్తు

ఇక అసలు పని. జపాన్‌లో సెకండ్ హ్యాండ్ ఫోన్లు చూస్తే ముచ్చటేస్తుంది. ప్రతి ఫోన్‌కీ కండిషన్ గ్రేడ్, గీతలు ఎక్కడున్నాయో, బాక్స్‌లో ఏమున్నాయో లేబుల్ మీద రాసి ఉంటుంది. దానితోపాటు నెట్‌వర్క్ రిస్ట్రిక్షన్ గుర్తు కూడా ఉంటుంది. గుండ్రం గుర్తు ఉంటే సమస్య లేనట్టు. త్రిభుజం ఉంటే పాత ఓనర్ వాయిదాలు ఇంకా పూర్తి కాలేదేమో అని అర్థం, అతను కట్టకపోతే తర్వాత బ్లాక్ కావచ్చు. ఇంటూ గుర్తు ఉంటే ఇప్పటికే బ్లాక్ అయినట్టు.

తమ్ముడు అడిగిన మోడల్ ఒక షాపులో 58,000 యెన్లకి త్రిభుజం గుర్తుతో, పక్క వీధిలో 64,000కి గుండ్రం గుర్తుతో దొరికింది. తేడా 6,000. టాక్సీకి పోసింది కూడా ఇంచుమించు అంతే! ఆ టాక్సీ డబ్బు ఇక్కడ రాబట్టుకుందామని మనసు లాగింది. ఆ బ్లాక్ జపాన్ నెట్‌వర్క్‌ల వరకే కదా, మన దగ్గర పనిచేయొచ్చు అని నాకు నేనే చెప్పుకున్నాను. బ్లాక్ అయితే మారుస్తామని షాపు గ్యారంటీ ఇచ్చినా, దాని కోసం మళ్లీ జపాన్ వెళ్తానా?

వీడియో కాల్ చేసి వాడికి రెండు లేబుళ్లూ చూపించాను. అంతా విని, "అన్నా, ఆ తేడా తర్వాత ఇస్తాలే, మంచిదే తీసుకో" అన్నాడు. టాక్సీ సంగతి అప్పటికి వాడికి చెప్పలేదు. గుండ్రం గుర్తున్నదే తీసుకున్నాను. తేడా నేనే పెట్టుకున్నాను, తప్పు నాదే కాబట్టి.

మీరు కొనే ముందు ఇంకొన్ని చూసుకోండి. జపాన్‌లో అమ్మే ఫోన్లలో కెమెరా షట్టర్ శబ్దం ఆపే సెట్టింగ్ సాధారణంగా ఉండదు. అక్కడి ఐఫోన్ 17 సిరీస్‌లో సిమ్ ట్రే లేదు, ఈ-సిమ్ మాత్రమే. 2021 అక్టోబర్ తర్వాత వచ్చిన ఫోన్లకి సిమ్ లాక్ ఉండకూడదనేది అక్కడి నిబంధన, అంతకన్నా పాతవైతే అడిగి కొనండి. నింటెండో స్విచ్ 2 జపాన్ ఎడిషన్ చవగ్గా కనిపిస్తుంది కానీ అందులో జపనీస్ భాష ఒక్కటే ఉంటుంది. వారంటీ మన దేశంలో చెల్లుతుందా అని బ్రాండ్ సైట్‌లో చూసుకోండి.

వినియోగ పన్ను 10 శాతం. టాక్స్-ఫ్రీ షాపులో 5,000 యెన్లు లేదా అంతకన్నా ఎక్కువకి కొని పాస్‌పోర్ట్ చూపిస్తే టూరిస్టులకి అది పడదు. 2026 నవంబర్ 1 నుంచి మాత్రం షాపులో పూర్తి ధర కట్టి, దేశం వదిలేటప్పుడు కస్టమ్స్ చెక్ అయ్యాక రీఫండ్ తీసుకోవాలి. కాబట్టి ఎయిర్‌పోర్ట్‌లో దానికి టైమ్ ఉంచుకోండి. మన కస్టమ్స్‌లో 18 ఏళ్లు నిండినవాళ్లకి ఒక ల్యాప్‌టాప్ వరకు డ్యూటీ లేదు. ఫోన్ ఆ మినహాయింపులోకి రాదు, మామూలు బ్యాగేజ్ పరిమితిలోకే వస్తుంది. బిల్లు దగ్గర ఉంచుకోండి.

ఇప్పుడు ఆ ఫోన్ మా ఇంట్లో బాగానే నడుస్తోంది. ఫోటో తీసిన ప్రతిసారీ టక్కున శబ్దం వస్తుంది, అమ్మ ఉలిక్కిపడుతుంది. తమ్ముడు ఈ ఆర్టికల్ చదివితే టాక్సీ సంగతి కూడా తెలిసిపోతుంది. పర్లేదు, చెప్పాల్సిందే కదా.