శాన్ హువాన్ బాటిస్టా

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో శాన్ హువాన్ బాటిస్టా అనే చిన్న పట్టణం ఉంది. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడ 2,089 మంది నివసిస్తున్నారు. అయితే ఆ ఊరి పాత శ్మశానవాటికలో నాలుగు వేలకు పైగా జనం శాశ్వత నిద్రలో ఉన్నారు. వారిలో అత్యధికులు ఆ ప్రాంతపు ఆదివాసులు.

స్పెయిన్ పాలనాకాలంలో, 1797 జూన్ 24న, ఫెర్మిన్ లాసుయెన్ అనే మతగురువు అక్కడ క్రైస్తవ మఠాన్ని స్థాపించాడు. అది బాప్తిస్మమిచ్చు యోహాను పండుగ దినం. అందువల్ల ఆయన పేరే స్పానిష్ రూపంలో మఠానికీ, అనంతరం ఊరికీ స్థిరపడింది. మతం స్వీకరించిన ముట్సున్ తదితర ఆదివాసులు మఠం పొలాలలో శ్రమించారు. మఠాన్ని విడిచి వెళ్ళే స్వేచ్ఛ వారికి లేదు. ఐరోపావాసుల ద్వారా వచ్చిన తట్టు వంటి అంటువ్యాధులు వారిని బలిగొన్నాయి.

1821లో ఆ ప్రాంతం స్వతంత్ర మెక్సికోలో భాగమైంది. 1848లో అమెరికా వశమైంది. 1870ల దశకంలో రైలుమార్గం ఊరిని తాకకుండా సాగిపోవడంతో వర్తకం క్షీణించింది. పట్టణం చిన్నదిగానే మిగిలిపోయింది. 1906 నాటి భూకంపంలో చర్చి గోడలు కొన్ని కూలినా, వాటిని తరువాత పునర్నిర్మించారు. అక్కడ నేటికీ ప్రార్థనలు జరుగుతున్నాయి.

ముట్సున్ భాషను ధారాళంగా మాట్లాడగలిగిన చివరి వ్యక్తి అసెన్షన్ సొలోర్సానో 1930లో మరణించారు. ఆమె అంత్యదినాలలో హారింగ్టన్ అనే భాషాశాస్త్రవేత్త ఆమె మాటలను గ్రంథస్థం చేశాడు. అంతకు శతాబ్దం మునుపే ఆ మఠంలోని అరోయో దె లా క్వెస్టా అనే మతగురువు ఆ భాషకు వ్యాకరణం రాశాడు. ఈ ఆధారాలతో 2016లో ముట్సున్ నిఘంటువు వెలువడింది. పూర్వీకులు కోల్పోయిన భాషను వారి సంతతివారు నేడు తిరిగి నేర్చుకుంటున్నారు.