నిల్వకు నిలువని మధురఫలం మన్యం సీతాఫలం

విశాఖపట్నం: దసరా సమీపించే రోజుల్లో విశాఖ నగర వీధుల్లో సీతాఫలాల గంపలు దర్శనమిస్తాయి. వీటిలో అనేకం అనంతగిరి, అరకు, పాడేరు, చింతపల్లి కొండల నుంచి వచ్చేవే. పూర్వం విశాఖ జిల్లాలో అంతర్భాగమైన ఈ మన్యం 2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లాగా ఏర్పడినప్పటికీ, అక్కడి ఫలసాయానికి చేరువలోని పెద్ద అంగడి నేటికీ విశాఖ నగరమే.

సీతమ్మవారి పేరు ధరించినప్పటికీ ఈ వృక్షజాతి పుట్టినిల్లు ఉష్ణమండల అమెరికా. నేడు దుకాణాల్లో ఖరీదైన ఫలంగా అమ్ముడవుతున్న అవకాడోదీ ఆ ఖండమే. సీతాఫలం 16వ శతాబ్దంలో పోర్చుగీసువారి ద్వారా భారతదేశానికి చేరినదని అధికులు భావిస్తారు. అయితే క్రీస్తుపూర్వపు భర్హుత్ శిల్పాల్లోని ఒక ఫలాన్ని పురావస్తు శాస్త్రవేత్త అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ సీతాఫలంగా గుర్తించడంతో వాదోపవాదాలు సాగాయి. ఎక్కడి నుంచి వచ్చినా, ఎవరూ నీరు పోయకుండానే రాతి నేలల్లో సైతం పెరిగే ఈ చెట్టు ఇక్కడి కొండలను తన సొంతం చేసుకున్నది.

వంద గ్రాముల గుజ్జులో సుమారు 94 కేలరీల శక్తి, 36 మిల్లీగ్రాముల విటమిన్ సి, 4 గ్రాముల పీచు, 250 మిల్లీగ్రాముల వరకు పొటాషియం లభిస్తాయి. అవకాడో బలమంతా కొవ్వులో ఉండగా, దీనిలో కొవ్వు నామమాత్రం, చక్కెర అధికం. కావున మధుమేహ వ్యాధిగ్రస్తులు వైద్యుల సలహా మేరకు మితంగా భుజించడం శ్రేయస్కరం. గింజల పొడిని పేలమందుగా తలకు పట్టించే అలవాటు పల్లెల్లో కలదు. ఆ పొడి కంటిలో పడినచో నల్లగుడ్డుపై పొర తీవ్రంగా దెబ్బతినే ప్రమాదమున్నందున, పిల్లల విషయంలో దీనిని మానుకోవడమే మంచిది.

గిరిజన రైతుకు అసలు చిక్కు పండు కోసిన నాటి నుంచే ఆరంభమవుతుంది. 1956లో ఏర్పడి, విశాఖపట్నం ప్రధాన కార్యాలయంగా పనిచేస్తున్న గిరిజన సహకార సంస్థ కొనుగోలు చేసే చింతపండు, తేనె, కుంకుడుకాయలు ధర వచ్చేవరకు ఇంట నిల్వ ఉంటాయి. సీతాఫలం అట్లు కాదు. పక్వానికి వచ్చిన కాయ కోసిన కొద్ది రోజుల్లోనే పండి మెత్తబడుతుంది. సంతకు మోసుకువచ్చిన గంపను తిరిగి కొండెక్కించలేక, సాయంత్రానికి వ్యాపారి పలికిన ధరకే ఇచ్చివేయవలసి వస్తుంది. శీతల గిడ్డంగి కూడా దీనికి పూర్తి పరిష్కారం కాదు. మిక్కిలి చల్లదనానికి పచ్చికాయ తొక్క నల్లబడి, సరిగా పండదు. గుజ్జును కాచి నిల్వ చేయబోతే చేదెక్కుతుంది. గింజ వేరుచేసిన గుజ్జును వెంటనే మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ వద్ద గడ్డకట్టించి ఉంచడమే అనువైన విధానం. ఐస్‌క్రీం, మిఠాయి తయారీదారులు కోరేది కూడా ఈ గుజ్జునే. ఇందుకు కావలసిన యంత్రాలు, నిరంతర విద్యుత్తు కొండ దిగువన గాక సంతలకు చేరువలో ఉన్నప్పుడే గిరిజనునికి బేరమాడే వ్యవధి చిక్కుతుంది.

అంతవరకు రైతులు చేయదగినది కోతలో జాగ్రత్త. కాయపై కన్నులు విచ్చుకుని, వాటి నడుమ చాళ్లు లేత పసుపు లేదా మీగడ రంగుకు తిరిగినప్పుడే కోయాలి. ముందుగా కోసిన కాయ తీపి లేక గట్టిగా ఉండిపోతుంది.