ఊరి కథ రాసుకున్న ఇల్లాళ్ళు

పోయినేడు ఇదే నెలలో కందిపప్పు కిలో ఎంతకు కొన్నారో మీకిప్పుడు జ్ఞాపకం ఉందా అమ్మా? ఉండదు. రోజూ జరిగేది ఎవరు గుర్తు పెట్టుకుంటారు! అందుకే రోజువారీ బ్రతుకే అన్నిటికన్నా ముందు మరుగున పడిపోతుంది.

ఈ సంగతి ఇంగ్లండు పల్లెల్లోని ఇల్లాళ్ళు కనిపెట్టారు. అక్కడ 'విమెన్స్ ఇన్‌స్టిట్యూట్' అని మన మహిళామండలి వంటి సంఘాలున్నాయి. 1897లో కెనడాలో పుట్టిన ఈ పద్ధతి 1915లో బ్రిటన్‌కు వచ్చింది. నెలకోసారి ఊరి హాలులో కలుసుకోవడం, టీ తాగడం, ఏదో ఒక పని నేర్చుకోవడం. యుద్ధకాలంలో, 1940లో, పండ్లు నేలపాలు కాకుండా ప్రభుత్వం కేటాయించిన పంచదారతో వీళ్ళు టన్నులకొద్దీ జాము కాచారు.

1965లో బ్రిటన్‌లో ఈ సంఘానికి యాభై ఏళ్ళు నిండాయి. ఆ సందర్భంగా ఊరూరా ఒక పుస్తకం తయారుచేయాలని పోటీ పెట్టారు. రాజుల కథలు కావు సుమండీ! ఆ ఏటి సరుకుల ధరలు, బస్సు వేళలు, గుడ్డముక్కలు, ఇళ్ళ ఫోటోలు అతికించారు. అప్పటికే చిన్న రైలు స్టేషన్లు మూతపడుతున్నాయి. పొలాల్లో గుర్రాల బదులు ట్రాక్టర్లు వచ్చేశాయి. పాత ఊరు కళ్ళముందే మారిపోతోంది మరి.

ఆనాడు చిత్తుకాగితాల్లా కనిపించినవే ఈనాడు చాలాచోట్ల జిల్లా రికార్డు ఆఫీసుల్లో భద్రంగా ఉన్నాయి.

మీరూ పద్దుల పుస్తకం పాతకాగితాలవాడికి వేసేముందు ఒక్క క్షణం ఆగండి. దానిమీద సంవత్సరం, ఊరిపేరు రాసి పెట్టెలో దాచండి. మీ వంటిల్లు ఎలా నడిచిందో మీరు దాచకపోతే, మీ మనవరాలికి ఎవరు చెబుతారు?